మంత్రి గారూ, మా బాపు నిద్ర గురించి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,



మా వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రి కడుతున్న సంగతి మీకు తెలిసిందే. 2021 జూన్ 21న దానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి అందులో ఏయే విభాగాలు వస్తాయో ఇక్కడి జనం ఆశగా చెప్పుకుంటూనే ఉన్నారు. గుండె, కిడ్నీలు, క్యాన్సర్, నరాలు. అనుకున్న ఆ రెండు వేల పడకల్లో నాలుగైదు పడకలను నిద్ర జబ్బుల పరీక్షకు కేటాయించమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. గుండె ఆపరేషన్ల పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న కోరికలాగే కనిపిస్తుంది. అంత చిన్నది ఎందుకు కాదో చెప్పాలంటే మా బాపు గురించి చెప్పాలి.

మా బాపు లారీ డ్రైవర్. ఎనుమాముల మార్కెట్ నుంచి పత్తి లోడుతో ఎన్ని ఊళ్లు తిరిగాడో ఆయనకే లెక్క లేదు. చెయ్యి తిరిగిన డ్రైవరని పేరు. యాభై దాటాక పగటి పూట నిద్ర ముంచుకురావడం మొదలైంది. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే తల వాలిపోయేది. అన్నం ముందు కూర్చుంటే కలిపిన ముద్ద కంచంలోనే ఉండేది, కళ్లు మూతపడేవి. రాత్రి గుర్రు గురించి వాడంతా కథలు చెప్పుకునేవాళ్లు. పొద్దున నీళ్ల దగ్గర అమ్మను "మీ కుంభకర్ణుడు లేచిండా?" అని ఆటపట్టించేవాళ్లు. చివరికి లారీ యజమాని "తాగి బండెక్కుతున్నవ్" అని తాళం చెవులు గుంజుకున్నాడు. జీవితంలో మందు ముట్టని మనిషి ఆ మాటకు బదులు చెప్పలేక ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఏమని చెప్తాడు? రాత్రంతా పడుకున్నాననే ఆయన అనుకుంటున్నాడు. పగలు ఎందుకు కునుకు పడుతుందో ఆయనకే అంతుపట్టలేదు.

ఈ జబ్బు తీరే అంత. నిద్రలో గొంతు కండరాలు అందరికీ సడలుతాయి. కొందరికి నాలుక వెనక్కి జారి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా. రక్తంలో ఆక్సిజన్ పడిపోయేసరికి మెదడు మనిషిని లిప్తకాలం మేల్కొలుపుతుంది. పెద్ద గురకతో ఊపిరి తిరిగొస్తుంది, వెంటనే మళ్లీ నిద్ర. మేల్కొన్న సంగతి పొద్దున గుర్తుండదు. డాక్టర్లు దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. ఇట్లా గంటకు ఐదుసార్ల లోపు జరిగితే మామూలే. పదిహేను దాటితే మధ్యస్థం, ముప్పై దాటితే తీవ్రం. ముప్పై అంటే ప్రతి రెండు నిమిషాలకోసారి ఎవరో గొంతు నొక్కి వదిలినట్టు. అట్లా తెల్లవారేదాకా గడిపిన మనిషి పగలు కునికితే దాన్ని బద్ధకం అనడానికి నోరెట్లా వస్తుంది?

బీపీ మందులు ఎన్ని మార్చినా లొంగకపోవడం, రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడం, పొద్దున్నే తలనొప్పి, గుండె లయ తప్పడం, పక్షవాతం. ఇవన్నీ ఈ జబ్బు వెంట నడిచొచ్చేవే. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడంటే షుగర్ పరీక్ష రాస్తారు, ప్రోస్టేట్ స్కాన్ రాస్తారు. రాయాల్సిందే. పడుకున్నప్పుడు గురక పెడతాడా, మధ్యలో ఊపిరి ఆగుతుందా అన్న ప్రశ్న కూడా ఆ చీటీలో ఉండాలి కదా సార్.

ఆ ప్రశ్న కూడా రోగిని అడిగితే లాభం లేదు, పక్కన పడుకునే మనిషిని అడగాలి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. "గుర్రు పెడితే నాకు బాధ లేదు బిడ్డా, అది ఆగితెనే భయం. మల్ల ఊపిరి తీసిందాక నేను లేసి కూసుంట" అనేది. ఎక్కువసేపు ఆగితే భుజం పట్టి కుదిపేది. అట్లా ఇద్దరికీ నిద్ర లేదు. మేం మొదట చూపించుకున్న చోట డాక్టర్ గారు బాపును "రాత్రి నిద్ర పడుతుందా?" అని అడిగారు. "పడ్తది సారూ, కాని పొద్దంత కండ్లు గుంజుతయి" అన్నాడు బాపు. నిద్ర చాలడం లేదేమోనని ఒక నిద్రమాత్ర రాసి పంపారు. జబ్బును కళ్లారా చూసిన సాక్షి పక్కనే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఈ జబ్బున్న వాళ్లకు నిద్రమాత్ర ఎంత ప్రమాదమో మీ శాఖ వాళ్లు ఊరూరా చెప్పాలి. సడలిన గొంతు ఇంకా సడలుతుంది. ఊపిరి ఆగినప్పుడు మనిషిని లేపాల్సిన మెదడు ఆలస్యంగా లేపుతుంది. మద్యం చేసేదీ అదే. మన రాష్ట్రంలో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడు అందులో కలిపే అల్ప్రాజోలం అనే నిద్రమందు పేరు ప్రతి పేపర్లోనూ వచ్చింది. పగలంతా బరువులు మోసి, సాయంత్రం అట్లాంటి కల్లు తాగి పడుకునే మనిషికి ఆప్నియా కూడా ఉంటే ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. కల్తీ కల్లు మీద మీ ప్రభుత్వం చేసే దాడులు నిద్ర జబ్బుల వైద్యం కిందికి కూడా వస్తాయని నేను నమ్ముతాను.

ఇది అరుదైన రోగం కాదు. దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో ఒక లెక్క తేల్చారు. పనిచేసే వయసున్న భారతీయుల్లో దాదాపు 10 కోట్ల 40 లక్షల మందికి ఈ జబ్బు ఉంది, వాళ్లలో సుమారు 4 కోట్ల 70 లక్షల మందికి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంది. 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన వాడవాడనూ ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూసినప్పుడు, ఆయనకు ఈ ఆప్నియా ఉందని వైద్యులు చెప్పారు. ఆ వార్త వచ్చిన కొన్ని రోజులు అందరూ గురక గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మామూలే, గురక మళ్లీ నవ్వులాట అయిపోయింది.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనేది ఇంకో అపోహ. బరువు పెద్ద కారణమే, కాదనను. కానీ దవడ చిన్నగా ఉన్నా, గొంతు దారి పుట్టుకతోనే ఇరుకైనా బక్కపలచని మనిషికీ వస్తుంది. మా బాపు లావు మనిషి కాదు. "ముందు బరువు తగ్గు" అని కసిరి పంపే ఓపీలో బక్కపలచని రోగికి దొరికేది ఏముంటుంది?

ఇక డ్రైవర్ల సంగతి. ఇది మీ ఒక్క శాఖ పని కాదని తెలుసు, రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ గారితో మీరే మాట్లాడాలి. లారీ, బస్సు నడిపే వాళ్లు లైసెన్సు కోసం డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. అందులో చూపు చూస్తారు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా అని చూస్తారు, రేచీకటి, చెవుడు అడుగుతారు. స్టీరింగ్ ముందు కునుకు పడుతుందా అని అడగరు. యూరోపియన్ యూనియన్ 2014లోనే దీని మీద ఆదేశం తెచ్చింది. మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న డ్రైవర్ వైద్యం చేయించుకుని, జబ్బు అదుపులో ఉందని డాక్టర్ దగ్గర రాయించుకుంటే బండి నడపొచ్చు. ఇందులో నాకు నచ్చింది రెండో భాగం. ఉద్యోగం పీకేయడం కాదు, బాగుచేసి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడం. అట్లా లేకపోతే ఏ డ్రైవరూ తనకు కునుకు వస్తుందని నోరు విప్పడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

ఏటా జనవరిలో రోడ్డు భద్రత పేరుతో డ్రైవర్లకు కంటి శిబిరాలు పెడుతుంటారు. ఆ శిబిరంలోనే ఒక టేపు, బీపీ మిషను ఉంటే చాలు. టొరంటోలో మత్తు వైద్యురాలు ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ఎనిమిది ప్రశ్నల జాబితా ఒకటి తయారు చేసింది, దాన్నిప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. గట్టిగా గురక పెడతారా, పగలు అలసటా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బరువెంత, వయసు యాభై దాటిందా, మెడ చుట్టుకొలత నలభై సెంటీమీటర్లు దాటిందా, మగవారా. ఆశ వర్కర్లు ఇప్పటికే ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూడటానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వాళ్లు ఇంటి గడపలోనే నిలబడతారు, సాక్షి కూడా ఆ గడపలోనే ఉంటుంది. వాళ్లు నింపే కాగితంలో ఇట్లాంటి రెండు ప్రశ్నలు కలపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బాపుకు నిద్ర పరీక్ష కావాలనగానే మమ్మల్ని హైదరాబాద్ పంపారు. నూట నలభై కిలోమీటర్లకు పైగా పోయి, కొత్త చోట, తలకు, కళ్ల దగ్గర, గడ్డానికి, ఛాతీకి తీగలు అంటించుకుని, ముక్కు కింద గొట్టం, వేలికి క్లిప్పు పెట్టుకుని "ఇక పడుకోండి" అంటే పెద్దాయనకు నిద్ర ఎట్లా వస్తుంది? వెంట పోయినవాళ్లు బయట బల్ల మీద తెల్లవార్లూ కూర్చోవాలి. పరీక్షకు వేలు, ప్రయాణానికి, బసకు ఇంకొన్ని. అందుకే నా మొదటి విన్నపం ఆ నాలుగైదు పడకలు. రెండోది అంతకన్నా తేలిక. తీవ్రంగా కనిపిస్తున్న చాలామందికి పూర్తి ల్యాబ్ అక్కర్లేదు. గాలి, ఛాతీ కదలిక, ఆక్సిజన్ నమోదు చేసే చిన్న పెట్టెను ఇంటికిచ్చి పంపి, పొద్దున తిరిగి తెమ్మంటే సరిపోతుంది. నర్సంపేట, పరకాల, జనగామ, ములుగు లాంటి చోట్ల సర్కారు ఆస్పత్రికి అట్లాంటివి కొన్ని ఇస్తే మా వైపు పల్లెల మనిషి తన మంచం మీదే పడుకుని పరీక్ష చేయించుకుంటాడు.

ఆ పెట్టె చెప్పింది చదివే మనిషి కావాలి. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నిద్ర వైద్యం ఊపిరితిత్తుల విభాగం పేరులోనే చేరిపోయింది. మన దగ్గర రోగి మాత్రం ఈఎన్‌టీ నుంచి పల్మనాలజీకి, అక్కడి నుంచి న్యూరాలజీకి, కొన్నిసార్లు మానసిక వైద్యుడి దగ్గరికి చీటీలు పట్టుకుని తిరుగుతాడు. నిద్ర టెక్నీషియన్ల కోర్సు ఒకటి ఈ విశ్వవిద్యాలయం మొదలుపెడితే మా జిల్లా పిల్లలకు కొలువులు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు ఈ జబ్బుకు వాడే మిషను సంగతి. 1980లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటి దానితో ముక్కులోకి గాలి ఒత్తిడి పంపితే గొంతు మూసుకుపోదని కనిపెట్టాడు. 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. అంతకు ముందు తీవ్రంగా ఉన్నవాళ్లకు గొంతు దగ్గర రంధ్రం చేయడమే దారి. ఆ మిషనే ఇప్పటి సీప్యాప్. ధర వేలల్లో మొదలై లక్ష దాకా పోతుంది, మాస్కు మళ్లీ మళ్లీ కొనుక్కోవాలి. 2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది, దానికి మా అందరి దండాలు. కానీ ఆ పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. ఈ జబ్బుకు చికిత్స జరిగేది ఇంట్లో, మంచం పక్కన. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్‌లో ఇంట్లో వాడే సీప్యాప్‌కు డబ్బు తిరిగి ఇస్తారు. అదే జబ్బున్న హమాలీకి, లారీ డ్రైవర్‌కు కూడా ఆ దారి తెరవండి. సొంతంగా ఇవ్వడం భారమైతే ఆస్పత్రి నుంచి అరువు ఇవ్వండి, వాడుతున్నారో లేదో మిషనే రాసి పెట్టుకుంటుంది.

మిషను ఇస్తే పని అయిపోదని కూడా చెప్పాలి. మా ఇంట్లో అసలు పోరాటం మీసం దగ్గర వచ్చింది. ముక్కు మీద కూర్చునే మాస్కు అంచు బాపు మీసం మీద ఆనక గాలి బుస్సుమని పక్క నుంచి పోయేది, పోయి కళ్లలో కొట్టేది. పట్టీ బిగిస్తే పొద్దునకు ముక్కు మీద ఎర్రటి గాటు. "మీసం తీసేయమనండి" అన్నారు అమ్మినవాళ్లు ఫోన్లో. అది విని బాపు మిషను ప్లగ్ పీకి పెట్టాడు. చివరికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రబ్బరు మాస్కు ఉంటుందని తెలిసింది. మీసం నిలిచింది, మిషనూ నిలిచింది. పగటి పూట టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోవడం అలవాటు చేశాం. రోజూ పొద్దున రబ్బరు కడిగి నీడన ఆరబెట్టే పని అమ్మది, దుమ్ము పట్టిన ఫిల్టర్ చూసే పని నాది. మొదట్లో "ఆక్సిజన్ పెట్టిండ్రట" అని వాడవాళ్లు పండ్లు పట్టుకుని చూడటానికొచ్చారు. ఇప్పుడు అదే వాడలో ఇద్దరు ముగ్గురు వచ్చి మిషను ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. పరీక్ష చేసిన చోటే ఈ మాటలన్నీ చెప్పి, నెల తర్వాత పిలిచి చూసే మనిషి ఒకరుంటే మూలన పడే మిషన్లు సగానికి సగం తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి కరెంటు. ఎండాకాలం డాబా మీద పడుకునే ఊరు మాది, అక్కడికి వైరు లాక్కోవాలి. మేడారం జాతరకు పోదామంటే బాపు మొదట అడిగింది ప్లగ్ గురించే. జంపన్న వాగు దగ్గర గుడారాల్లో రాత్రుళ్లు గడిపే లక్షల మందిలో ఇట్లాంటి పెద్దవాళ్లు ఎందరుంటారో. అక్కడ మీ శాఖ వైద్య శిబిరాలు పెడుతుంది కదా, మిషనున్న వాళ్లు రాత్రికి పడుకునేలా ప్లగ్గులున్న ఒక గుడారం కూడా వేయించండి. తల్లులను చూసుకోవాలన్న ఆశ వాళ్లకూ ఉంటుంది.

తల్లులంటే గుర్తొచ్చింది, ఇంతసేపూ బాపు గురించే రాశాను. ఆడవాళ్లకు ఈ జబ్బు నెలసరి ఆగిపోయాక బాగా పెరుగుతుంది. వాళ్లలో గురక కన్నా నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ముందు కనిపిస్తాయి. అందరూ పడుకున్నాక పడుకుని, అందరికన్నా ముందు లేచే మనిషి నిద్రను ఇంట్లో ఎవరు చూశారు? బాపుకు అమ్మ సాక్షి, అమ్మకు సాక్షి లేదు. కాళ్లు గుంజుతున్నాయని రాత్రుళ్లు మంచం మీద కుదురుగా ఉండలేని తల్లులున్నారు. చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గడమే కారణం, రక్తపరీక్షతో బయటపడుతుంది. అట్లాగే నిద్రలో అరిచి, చేతులు కాళ్లు విసిరి పక్కవాళ్లను కొట్టే పెద్దవాళ్లుంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. 1986లో మినియాపొలిస్ వైద్యులు షెంక్, మహోవాల్డ్ దాన్ని ఒక జబ్బుగా గుర్తించారు. అట్లాంటి వాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బులు వస్తాయని ఇప్పుడు తెలుసు. తాయెత్తు దగ్గరికి పోయే లోపు వాళ్లు న్యూరాలజిస్టు దగ్గరికి చేరే దారి కావాలి.

బాపు ఇప్పుడు పగలు కునకడం లేదు. బీపీ మాత్ర ఒకటి తగ్గించారు. లారీ ఎక్కడు, ఆ వయసు దాటింది. కానీ "తాగి నడిపిండు" అన్న మాట ఆయన మీద అట్లాగే ఉంది. దాన్ని తీసేసే కాగితం ఏ ఆస్పత్రీ ఇవ్వలేదు. ఆయన తర్వాత స్టీరింగ్ పట్టినవాళ్లకైనా ఆ మాట పడకముందే పరీక్ష దొరకాలి.

మీరు ఆస్పత్రి పనులు చూడటానికి ఈసారి వరంగల్ వచ్చినప్పుడు ఎంజీఎం ఆస్పత్రిలో బీపీ రోగులు, పక్షవాతం రోగులు ఉన్న వార్డుకు ఒకసారి వెళ్లండి. రోగులను పలకరించాక, మంచాల పక్కన కింద చాపేసుకుని కూర్చున్న భార్యలను, బిడ్డలను, కొడుకులను పలకరించండి. రాత్రి మీవాళ్లు ఎట్లా పడుకుంటారో చెప్పమనండి. వాళ్లు చెప్పేది మీ అధికారులు పక్కనుండి రాసుకోవాలి.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ బిడ్డ,
వరంగల్